పటం మంచిదే, చోటు మాటేమిటి?

మా రోజుల్లో గ్రంథాలయానికి ఎవరైనా చిత్రపటమో విగ్రహమో ఇస్తామంటే ముందు పుట్టే ప్రశ్న "ఎక్కడ పెడదాం?" ఇప్పుడు ముందు పుట్టేది "ఆవిష్కరణ ఎప్పుడు, ఎవర్ని పిలుద్దాం?"

ఈ మధ్య ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. ఊరి పేరు వద్దు లెండి. పత్రికల బల్ల ఉండాల్సిన చోట నిలువెత్తు విగ్రహం ఉంది. బల్లను వరండాలోకి నెట్టేశారు. జల్లు కొడితే పేపర్లు తడుస్తాయని మబ్బు పట్టగానే లోపలికి తీసేస్తారట. విగ్రహం కింద పలక మీద దాత పేరుంది, దాత తండ్రిగారి పేరుంది, వచ్చిన అతిథులందరి పేర్లూ హోదాలతో సహా ఉన్నాయి. చేసిన శిల్పి పేరు మాత్రం లేదు. అక్కడి సిబ్బందిని అడిగితే తెలియదన్నారు. నాకు ప్రాణం చివుక్కుమంది. కళ పేరు చెప్పి ఇచ్చిన కానుకలో కళాకారుడికే చోటు లేకపోతే ఎలా?

మా ఊరి గ్రంథాలయ కమిటీలో హైస్కూలు డ్రాయింగు మాస్టారు ఒకరుండేవారు. పటం వచ్చిందంటే ఆయన దాన్ని చూసే ముందు గోడను చూసేవారు. మధ్యాహ్నం పూట వచ్చి ఎండ ఏ కిటికీలోంచి ఎంత దూరం పడుతోందో గమనించేవారు. నీటిరంగుల బొమ్మను పడమటి కిటికీకి ఎదురుగా పెడితే నాలుగు వేసవులకు వెలిసిపోతుందని ఆయనకు తెలుసు. వానాకాలంలో బయటిగోడ చెమ్మెక్కుతుంది, పటం వెనక బూజు పడుతుంది, ఆ తరవాత చెదలు. అందుకే లోపలిగోడకే తగిలించాలని పట్టుబట్టేవారు. పటానికీ గోడకూ మధ్య గాలి ఆడేలా వెనక మూలల్లో కార్కు ముక్కలు అంటించేవారు. చదువుకునే వాళ్ళ నెత్తిమీద పెట్టనిచ్చేవారు కాదు, చూడటానికి వచ్చినవాళ్ళు వాళ్ళ భుజాల మీంచి వంగి చూడాల్సి వస్తుందని. తగిన గోడ లేకపోతే దాతకు ఆ మాటే చెప్పేవారు: "బాబూ, మీ పటం మంచిదే, మా గోడే మంచిది కాదు. బడికి ఇవ్వండి, పిల్లలు చూస్తారు." కొందరు అలిగేవారు. అలిగినవాళ్ళే దసరా వెళ్ళాక పుస్తకాల కట్ట పట్టుకొచ్చేవారు.

దానం వద్దనే మనిషిని కాను. మన గ్రంథాలయాలు నిలబడిందే దాతల వల్ల. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైందన్నా, 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టి అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్ళు ఊరూరా తిరిగారన్నా, వెనక ఎందరో ఇళ్ళూ స్థలాలూ డబ్బూ ఇచ్చారు. గ్రంథాలయ చట్టాలు వచ్చాక గ్రంథాలయ పన్ను కూడా తోడైంది. ఆ ఇచ్చినదంతా పాఠకుడి కోసం ఇచ్చింది. ఇప్పుడు ఇచ్చే వస్తువు పాఠకుడి కుర్చీని లాగేస్తోంది, అదీ నా బాధ. పొద్దున్నే వచ్చి పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు కూర్చునే చోటు చాలడం లేదు, హాలు మధ్యలో పాలరాతి దిమ్మె!

అదే ఒక పుస్తకం దానంగా వస్తే ఏం చేస్తాం? ముద్ర వేస్తాం, యాక్సెషన్ నంబరు ఇస్తాం, రిజిస్టరులో రాస్తాం, దాని అర చూసి పెడతాం. పనికిరానిదైతే మర్యాదగా వద్దంటాం. పటానికి ఇవేవీ ఉండవు. అందుకే సున్నాలు వేసేటప్పుడు దించిన పటం మళ్ళీ గోడెక్కదు, బీరువా వెనక్కి పోతుంది. పదేళ్ళ తరవాత ఎవరిదని అడిగితే చెప్పే కాగితం ఉండదు. మా కమిటీ తీసుకునే ముందే రాయించుకునేది: అవసరమైతే చోటు మార్చవచ్చు, పాడైతే బాగుచేయించే ఖర్చు ఫలానావారిది, ఉంచలేకపోతే దాత కుటుంబానికి తిరిగి ఇస్తాం. ఇప్పుడు "ఎప్పటికీ ఇక్కడే ఉండాలి" అని దాత అనడం, సరేనని తల ఊపడం.

ఏ వస్తువు చోటు దానికుంటుంది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయమూ ఉంది, దామెర్ల రామారావు చిత్రశాలా ఉంది. 1925లో చిన్న వయసులోనే పోయిన ఆ మహా చిత్రకారుడి బొమ్మలు చిత్రశాలలో ఉండటమే న్యాయం. అదే వేటపాలెం సారస్వత నికేతనంలో గాంధీజీ చేతికర్ర ఉందంటే, ఆయన ఆ గ్రంథాలయానికి వచ్చారు కనక, అది అక్కడే ఉండాలి. అలాంటి సంబంధం ఏదీ లేని విగ్రహాలు కూడా ఇవాళ గ్రంథాలయం గుమ్మం ఎక్కుతున్నాయి. రోడ్ల మీదా ప్రజోపయోగ స్థలాల్లోనూ విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని 2013లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. రోడ్డు మీద చోటు దొరకని విగ్రహాల చూపు మన ఆవరణల మీద పడుతోందని నా అనుమానం.

ఈ కాలంలో మంచి లేదనను. ఎల్ఈడీ దీపాలు పాత ట్యూబులైట్లంతగా రంగుల్ని తినవు. అతినీలలోహిత కిరణాల్ని ఆపే అద్దాలు వచ్చాయి. ఇన్ని సదుపాయాలుండీ, కిటికీకి ఎదురుగా మేకు కొడుతున్నారంటేనే నాకు కోపం.

దాతలకు ఒక విన్నపం. పటం తెచ్చే ముందు ఒక మధ్యాహ్నం ఆ రీడింగు రూములో కూర్చోండి. లైబ్రేరియన్ గారిని అడగండి, చోటు లేదంటే నొచ్చుకోకండి. ఉందంటే దాని బాగోగులకు కొంత డబ్బు కూడా జత చెయ్యండి. పలక మీద మీ పేరు కంటే పైన, ఆ బొమ్మ వేసినవారి పేరు రాయించండి.