హోసులో వేలు

పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న కార్ల షెడ్లలో ఒక నిదానశాస్త్రం వర్ధిల్లుతోంది. దానికి కావలసిన పరికరం చూపుడువేలు ఒక్కటే. ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బోకు, అంటే పొగ జోరుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని దట్టించే యంత్రానికి, వెళ్లే రబ్బరు హోసును విప్పి, లోపల వేలు తిప్పి, అంటిన నల్లటి జిడ్డును యజమాని కళ్లముందు ఆడించి, "టర్బో పోయింది సార్" అనడంతో పరీక్ష ముగుస్తుంది. యజమాని ముఖం శవాన్ని గుర్తించడానికి పిలిపించిన బంధువు ముఖంలా మారిపోతుంది.

ఈ శాస్త్రానికి ఉన్న చిక్కల్లా, ఆ హోసులో కొంత జిడ్డు ఉండటమే సహజం కావడం. పిస్టన్ రింగులు ఎంత బిగువుగా ఉన్నా, మండిన వాయువు కొంత వాటిని దాటి కిందనున్న క్రాంక్‌కేసులోకి, అంటే ఆయిల్ చిలికే గదిలోకి జారుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. అది ఆయిల్ తుంపరను వెంటబెట్టుకుని బ్రీదర్ గొట్టం గుండా మళ్లీ గాలి హోసులోకే వచ్చేలా తయారీదారులే అమర్చారు, ఎందుకంటే ఆ వాయువును బయటికి వదలకుండా ఇంజన్‌కే తినిపించాలని కాలిఫోర్నియా 1961లోనే ఆదేశించింది. అక్కడ పలచటి జిడ్డు పొర దొరకడం వంటింటి గోడకు నూనె మరక దొరకడం లాంటిదే.

పైగా బ్రీదర్ సాధారణంగా టర్బోకు ముందే హోసులో కలుస్తుంది. టర్బోకు ఎగువన దొరికిన జిడ్డుకు టర్బోను నిందించడం, నక్కవాగులోని మురికికి, అది పోయి కలిసే మంజీరను తప్పుపట్టడమే. ఎగువ పొడిగా ఉండి, దిగువన ఇంటర్‌కూలర్‌లో, అంటే వేడెక్కిన గాలిని చల్లార్చే పెట్టెలో, ఆయిల్ మడుగు కట్టినప్పుడు టర్బోలో ఆయిల్‌ను ఆపే సీళ్లను అనుమానించవచ్చు. టర్బో షాఫ్టును, అంటే దాని ఇరుసును, వేలితో ఊపి చూపించడం రెండో సాక్ష్యం. నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరిగే ఆ షాఫ్టు ఆయిల్ పొర మీద తేలేది కాబట్టి పక్కలకు కొద్దిగా కదలడం దాని స్వభావమని, ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేలా ఆడితేనే దోషమని వేలికి ఎవరూ చెప్పలేదు.

అసలు రోగం బ్రీదర్ మూసుకుపోవడమైతే కథ మరింత రక్తి కడుతుంది. క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి, టర్బో నుంచి తన బరువుతో కిందికి జారాల్సిన ఆయిల్ దారి లేక సీళ్లను దాటుతుంది. కొత్త టర్బో బిగించినా కొన్నాళ్లకు అదే జిడ్డు, అదే వేలు, ఈసారి "ఇంజన్ దింపాల్సిందే" అనే తీర్పు. లారీల దుమ్ముతో పూడిపోయిన ఎయిర్ ఫిల్టరు, గుర్తు దాటి పోసిన ఆయిల్ కూడా ఇలాగే హోసులోకి జిడ్డు తేగలవు. ఆ ఆయిల్ పోసింది ఆ షెడ్డులోనే అయితే విచారణ అంతటితో ఆగుతుంది. హోసు తుడిచి, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద మట్టం చూసి రాసుకుని, 1000 కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడటమనే పద్ధతి ఒకటుంది గానీ, గుడ్డపీలికకు బిల్లు వేయడం కష్టం.

దయగల మేస్త్రీలు మాత్రం బ్రీదర్‌ను హోసు నుంచి ఊడదీసి, ఆ రంధ్రానికి బోల్టు బిగించి, గొట్టం కొసను నేలవైపు వదిలేస్తారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో అత్యంత కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కించిన పటాన్‌చెరు-బొల్లారం గాలికి ఇదొక లెక్కా అన్న ధైర్యం కాబోలు. మరుసటిసారి హోసులో తిప్పిన వేలు శుభ్రంగా బయటికొస్తుంది, యజమాని సంతోషంగా డబ్బు కట్టి బండి తీసుకుపోతాడు, అది నిలిచిన చోట నాలుగు ఆయిల్ బొట్లు మిగులుతాయి.