అడవి సరే, ప్లగ్గెక్కడ?

జూన్ నెలలో ఫీనిక్స్‌లో ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక అక్కడి తెలుగువాళ్ల మాటలన్నీ ఉత్తరానికి మళ్లుతాయి. పదిహేడో నంబరు ఇంటర్‌స్టేట్ మీద రెండున్నర గంటలు పోతే ఫ్లాగ్‌స్టాఫ్. ఫీనిక్స్ దాదాపు 1,100 అడుగుల ఎత్తున ఉంటే ఇది 7,000 అడుగుల ఎత్తున ఉంది. ఊరి చుట్టూ కోకొనినో నేషనల్ ఫారెస్ట్, 18 లక్షల ఎకరాల పైచిలుకు. అంత అడవిలో ఒక్క ఆర్వీ నిలుపుకోవడానికి చోటు దొరక్కపోతుందా అనుకున్నారు ఓ సాఫ్ట్‌వేర్ అల్లుడుగారు. ఆర్వీ అంటే వంటిల్లు, పడకలు, స్నానాలగది అన్నీ ఉన్న బండి. ముప్ఫై అడుగులది ఒకటి అద్దెకు మాట్లాడేశారు. విజయవాడ నుంచి అత్తమామలు వచ్చి ఉన్నారు, పిల్లలకు సెలవులు. ఇక కావలసింది చోటొక్కటే.

అల్లుడుగారి మొదటి ప్రతిపాదన ఖర్చు లేనిది. అమెరికాలో నేషనల్ పార్కులు ఇంటీరియర్ శాఖవి, నేషనల్ ఫారెస్టులు వ్యవసాయ శాఖవి. ఈ రెండోవాటిలో ఆవులు మేస్తాయి, కలప కొడతారు, కుక్కను వెంటబెట్టుకుని నడవచ్చు. అనుమతి ఉన్న అడవిబాటల పక్కన బండి ఆపుకుని పద్నాలుగు రోజుల దాకా పైసా కట్టకుండా ఉండిపోవచ్చు. ఇదంతా ఆయన ఉత్సాహంగా వివరించారు.

"నీళ్లో బాబూ?" అన్నారు అత్తగారు.

"మనమే పట్టుకెళ్లాలండీ."

"మరి... వాడిన నీళ్లు?"

"అవి కూడా టాంకులో మనమే వెనక్కి తెచ్చుకోవాలండీ."

ఆ ప్రతిపాదన అంతటితో సరి.

రెండోది ఫారెస్ట్ సర్వీసువాళ్ల సొంత క్యాంపుగ్రౌండ్లు. చూడ్డానికి ఇంతకంటే అందమైనవి ఉండవు. దేశంలో ఇలాంటివి చాలానే 1933 నుంచి 1942 దాకా నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు వేసినవి. అప్పటి కార్లకూ గుడారాలకూ సరిపోయేలా మలుపులు తిప్పారు. ముప్ఫై అడుగుల బండి అక్కడ తిరగాలంటే చెట్టు అయినా జరగాలి, బండి అయినా వంగాలి. చాలా చోట్ల కరెంటు ఉండదు. జనరేటరు పెట్టుకున్నా రాత్రి పదయ్యేసరికి ఆపెయ్యాలి. పైగా ఫెడరల్ క్యాంపుగ్రౌండ్లలో చాలావాటికి బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు. అత్తమామల వీసా ఇంటర్వ్యూ తేదీయే తేలని జనవరిలో జులై వారాంతానికి చోటు పట్టుకోవాలంటే ఇంట్లో సాఫ్ట్‌వేరాయన కాదు, జ్యోతిష్కుడు ఉండాలి.

అలా తిరిగి తిరిగి అందరూ చేరేది ప్రైవేటు ఆర్వీ పార్కుకే. వాళ్ల ప్రకటనల్లో అడవి ఎప్పుడూ 'పక్కనే' ఉంటుంది. ఆ పక్కనే ఎంతో పన్నెండు మైళ్లు నడిపితే గానీ తెలీదు. పేరులో 'పైన్స్' అని ఉంటే చెట్లను ఫొటోలో లెక్కపెట్టుకోవడం మంచిది.

అసలు పరీక్ష అక్కడ మొదలైంది, పెట్టింది అమ్మాయి, అంటే అల్లుడుగారి భార్య. చెట్లు, దృశ్యాలు, నక్షత్రాలు ఆవిడ జాబితాలో లేవు. ఆవిడ అడిగింది ఆంపియర్లు. మామూలు అద్దె బండికి ఉండేది 30 ఆంపియర్ల తీగ. 120 వోల్టులతో హెచ్చిస్తే 3,600 వాట్లు. ఏసీకి 1,500, ఇండక్షన్ స్టవ్వుకు 1,800, కొబ్బరిపచ్చడి మిక్సీకి 750. మొత్తం 4,050. అంటే ఏసీ తిరుగుతూ, పప్పు ఉడుకుతూ ఉండగా పచ్చడి జోలికి పోయారో, బ్రేకరు పడిపోయి అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. 50 ఆంపియర్ల చోటుకు డబ్బు ఎక్కువ కట్టి అడాప్టరు తగిలించినా లాభం లేదు, బండి లోపలి బ్రేకరు 30 దగ్గరే ఆపేస్తుంది.

"బండిలో గ్యాసు స్టవ్వుంది కదా?" అన్నారు అల్లుడుగారు.

"ఎండుమిర్చి పోపు పెడితే స్మోక్ అలారం ఎవరాపుతారండీ?"

దానికి జవాబు లేదు. ఇండక్షన్ స్టవ్వు బయట బల్లమీదికి వెళ్లింది, పచ్చడి వేళకు ఏసీ ఆపాలని తీర్మానమైంది. ఏడు వేల అడుగుల ఎత్తున ఏసీ అవసరం అంతగా ఉండదన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు. ఆ ఎత్తున నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయన్న సంగతి మాత్రం అమ్మాయికి తెలుసు. మూతలేని గిన్నెలో కందిపప్పు మరుగుతూనే ఉంటుంది, మెత్తబడదు. కాబట్టి కుక్కరు తప్పదు, దాని కూతకు పక్క బండివాళ్లు ఉలిక్కిపడకా తప్పదు. చలిమంట వేసి మొక్కజొన్న పొత్తులు కాల్చాలన్న మామగారి కోరిక మాత్రం నిలవలేదు. వర్షాలింకా పడని రోజుల్లో ఆ అడవిలో మంటల మీద తరచు నిషేధం ఉంటుంది.

తరవాతి ప్రశ్న మర్యాదస్థులు నెమ్మదిగా అడిగేది. ఫుల్ హుకప్ అంటే కరెంటు, నీళ్లతో పాటు మురుగు గొట్టం కూడా బండి పక్కనే. అది లేకపోతే బండి మొత్తం కదిలించుకుని డంప్ స్టేషన్ దగ్గర వరసలో నిలబడాలి. గొట్టం ఉన్నా ఒక నియమం ఉంది: పాయిఖానా టాంకు నిండవచ్చేదాకా మూసే ఉంచాలి, తరవాత ముందు దాన్ని, ఆపైన సబ్బునీళ్ల టాంకును వదలాలి. మొదటిదాన్ని మొదటి రోజు నుంచే తెరిచి ఉంచితే నీళ్లు జారిపోయి, మిగిలింది లోపలే గట్టిపడి కూర్చుంటుంది. ఈ ఘట్టం చదువుతుండగా ఇంట్లోవాళ్లందరికీ ఒక్కసారే వేరే పనులు గుర్తొచ్చాయి. గ్లవ్స్ కొన్నది అల్లుడుగారే.

చివరికి రెండు పార్కులు మిగిలాయి. ఒకదానిలో ఈ వైపు నుంచి దూరి ఆ వైపు నుంచి వచ్చేసే చోట్లున్నాయి, అద్దె ఎక్కువ. రెండోదానిలో బండి రివర్సులో పెట్టాలి. పైగా దగ్గర్లోనే బీఎన్ఎస్ఎఫ్ వాళ్ల రైలు మార్గం, చికాగో నుంచి లాస్ ఏంజిలిస్ దాకా పోయేది. మైలు పైబడి పొడవున్న గూడ్సు బండ్లు పగలూ రాత్రీ నడుస్తాయి.

"ఇది వద్దు నాన్నా, నిద్రుండదు" అంది అమ్మాయి.

మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. "రోజుకు ఎన్ని?" అన్నారు, కళ్లజోడు సవరించుకుంటూ. ఇంకెవరూ నోరెత్తలేదు. ఆ మధ్యాహ్నమే బుక్ చేసేశారు.

రివర్సు చేసే పని ఆయనే తీసుకున్నారు. ఆకుపచ్చ తువ్వాలు, ఎర్ర తువ్వాలు పట్టుకుని సరిగ్గా బండి వెనక నిలబడ్డారు, అంటే ఏ అద్దంలోనూ కనబడని చోట. అద్దంలో డ్రైవరు మొహం తనకు కనబడేలా పక్కకు జరిగి నిలబడాలని ఎదుటి బండి అమెరికన్ పెద్దావిడ చెప్పాక పని సజావుగా సాగింది.

సాయంత్రం తొలి గూడ్సు వచ్చింది. మామగారు కుర్చీలోంచి లేచి నిలబడి చివరి దాకా చూశారు. చివర గార్డు పెట్టె లేదు. 1980ల్లోనే అమెరికా రైల్వేలు వాటిని తీసేయడం మొదలుపెట్టి, ఆఖరి వ్యాగనుకు ఎర్రదీపమున్న యంత్రం తగిలించాయని అల్లుడుగారు ఫోనులో చూసి చెప్పారు.

"ఇంత బండికి వెనక మనిషే లేడా!" ఆయన చాలాసేపు కుదుటపడలేదు. మర్నాడు అడవిలో, ఎల్డెన్ కొండ బాటలో నడుద్దామని అల్లుడుగారు అంటే మామగారు అడిగింది ఒకటే: "పైనుంచి లైను కనిపిస్తుందా అల్లుడుగారూ?"

"కనిపిస్తుందండీ. కొండ కిందే ఊరు."

"అయితే పొద్దున్నే పోదాం" అన్నారాయన. బయట బల్లమీద కుక్కరు మూడో కూత వేసింది, ఎదుటి బండి పెద్దావిడ తలుపు తీసి ఏ రైలని అడిగింది.