గేదెంత సుడిదోమ

నేను రైతుని. ఈ సంగతి నాకు మొన్న మార్చిలోనే తెలిసింది. పుట్టింది, పెరిగింది విశాఖ వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ పక్క సందులో. నేను తొక్కిన బురదల్లా వానాకాలం పూర్ణా మార్కెట్ బురదే. అయితే పద్మనాభం దగ్గర తాతగారి ఎకరంపావు నా పేరున పాసుపుస్తకంలో ఉంది. దాంతో ‘రైతులకు, సలహాదారులకు పంటల యాజమాన్యంపై అవగాహన సదస్సు’కి దయచేయమని నాకు పిలుపొచ్చింది. ఆ పొలం చేస్తున్న కౌలురైతుకి రాలేదు. పాసుపుస్తకంలో పేరుంటే చాలు, పొలంలో కాళ్లుండక్కర్లేదు.

మార్చిలోనే ఎందుకని అడక్కండి. ఖరీఫ్, రబీ తర్వాత మన దేశంలో మార్చి అని మూడో సీజనుంది. 31లోగా ఖర్చు కాని నిధులు మురిగిపోతాయి. కనుక నాట్లప్పుడు కానరాని జ్ఞానం అప్పుడు గుప్పున పూతకొస్తుంది.

బీచ్ రోడ్డులో హోటలు. చేతికో సంచీ, పెన్ను, మెడలో ‘రైతు’ అన్న బిళ్ల. నా పక్కనున్న ‘రైతు’ పోర్టులో రిటైరైన గుమస్తా. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి పన్నెండున్నర. భోజనాల వాసన వస్తుండగా ‘వరిలో సమగ్ర సస్యరక్షణ’కి పన్నెండు నిమిషాలు మిగిలాయి.

తెర మీద సుడిదోమ గేదెంత ఉంది. అసలు సుడిదోమ బియ్యపు గింజంతైనా ఉండదు. ఆకు మీద కనపడదు; నీళ్లకి కాస్త పైన, దుబ్బు మొదట్లో నక్కి రసం పీలుస్తుంది. దుబ్బు విడదీసి, తట్టి, ఎన్ని రాలాయో లెక్కపెట్టాలి. నాట్లప్పుడే రెండేసి మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ తగిలి దోమ ఉధృతి తగ్గుతుంది. ఇదంతా నడుం వంచి నేర్చుకోవలసిన చదువు. ఆ హాల్లో నడుం వంచినవాడు ఒక్కడే, మైకు వైరు సరిచేసిన కుర్రాడు.

లోపల ‘మందులు తగ్గించండి’. గుమ్మం దాటితే మందుల స్టాళ్లు. సంచులిచ్చిందీ వాళ్లే. ‘సలహాదారు’ అంటే ఎవరో కూడా అక్కడే తెలిసింది, పురుగుమందుల కొట్టాయన. నవ్వకండి. 2003 జాతీయ నమూనా సర్వేలో సాగు సమాచారం తోటి రైతుని అడిగి తెలుసుకున్న రైతు కుటుంబాలు నూటికి సుమారు 17, కొట్టుని అడిగినవి 13, వ్యవసాయ శాఖ మనిషిని అడిగినవి ఆరుకి లోపు. ఆ ఏడే హైదరాబాద్‌లోని ‘మేనేజ్’ సంస్థ కొట్టువాళ్లకి ఏడాది డిప్లొమా మొదలెట్టింది. చదువు చెప్పడం మంచిదే. కానీ చీటీ రాసేదీ, మందు అమ్మేదీ ఒకే చెయ్యి అయినప్పుడు ‘ఈ వారం ఏమీ కొట్టొద్దు’ అనే సలహా ఎవరిస్తారు?

విరుగుడు తెలియదా అంటే, ఎప్పుడో తెలుసు. ఇండోనేషియాలో మందు కొట్టేకొద్దీ దోమని తినే సాలీళ్లు చచ్చి సుడిదోమ పెరిగింది. 1986లో వరి మీద 57 మందులు నిషేధించారు. 1989లో రైతులకి పొలంలోనే బడి పెట్టారు. మన దగ్గర దాని పేరు పొలంబడి. సీజనంతా వారం వారం రైతే పురుగుని పట్టి, చార్టు మీద బొమ్మ గీసి, మిత్రపురుగులెన్నో శత్రుపురుగులెన్నో లెక్కేసి, మందు కొట్టాలో వద్దో తేలుస్తాడు. అందులో లోపం ఒక్కటే: శాలువాలకి చోటు లేదు.

సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ ఆదివారం పద్మనాభం పట్టుకెళ్లాను.

“ఏటి సెప్పారు బాబూ మీటింగులో?” అన్నాడు కౌలురైతు.

“సుడిదోమని ఎలా గుర్తుపట్టాలో చెప్పారు.”

“కోతలై మూడు నెల్లయిపోనాది గదా! ఇప్పుడు గుర్తుపట్టి ఏటి సేత్తాం?” అని కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు. “మీ వూరి రేవులోనే గదా యూరియా ఓడలు దిగతాయి. ఇది సూపిత్తే ఓ బస్తా ఇత్తారేటి?”

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం జనం ఎలా బారులు తీరారో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అయ్యా, సదస్సులు పెట్టండి. నాట్లకీ కోతకీ మధ్య పెట్టండి. గట్టు మీద పెట్టండి. పాసుపుస్తకాన్ని వదిలేసి పొలం చేసేవాణ్ణి పిలవండి. ఆయన్ని మాట్లాడనివ్వండి. నన్ను మాత్రం పిలవకండి.