టైరుకున్న రికార్డు

మా మేనమామతో లావాదేవీ అంటే పక్కన సాక్షి ఉండాలి. బళ్ళారి సత్యనారాయణపేటలో ఈ సంగతి టీ కొట్టతనికి కూడా తెలుసు. అందుకే మామకు చిల్లర ఇచ్చేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా లెక్క చెప్పి మరీ ఇస్తాడు.

మీ వీధిలోనూ ఇలాంటి డ్రైవరు ఒకాయన ఉండే ఉంటాడు. లారీ దిగి ఏళ్ళయినా లెక్క తేలనివాడు. ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పేరెత్తినా "వాడు నాకు బాకీ" అని మొదలుపెట్టేవాడు. మా మామ వాళ్ళకంటే ఒక మెట్టు పైన. ఆధారం లేకుండా ఎవర్నీ తిట్టడు. మంచం కింద రేకు ట్రంకు ఉంది. ట్రిప్ షీట్లు, వేబ్రిడ్జి చీటీలు, డీజిల్ బిల్లులు, టోల్ రశీదులు, వాటి వెనకాల పెన్సిలు లెక్కలు. అత్త దాన్ని "మీ కంపెనీ" అంటుంది. "మీ కంపెనీలో బొద్దింకలు చేరినాయి, పోయి దులుపుకోండి."

ఆ ట్రంకులో అన్నిటికంటే లావు కట్ట షార్టేజిది. ఖనిజం రోజుల్లో మామ సండూరు కొండల దగ్గర లోడెత్తుకుని గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి మీదుగా కృష్ణపట్నం రేవుకు తోలేవాడు. గని దగ్గర తడి మట్టి ఎక్కుతుంది. సీమ ఎండలు దాటి రేవు చేరేసరికి నీళ్ళు ఎగిరిపోతాయి, కాటాలో తూకం తగ్గుతుంది. తగ్గినదంతా డ్రైవరు అమ్ముకున్నాడని ఓనరు బాటాలో కోస్తాడు. "సూర్యుడు తాగిన నీళ్ళకు నేను దుడ్డు కట్టాల్నా?" అని మామ ఇప్పటికీ అడుగుతాడు. ఓనరు దొరకడు కాబట్టి నన్ను అడుగుతాడు.

ఇక ఓవర్‌లోడు. ఎక్కించమనేది ఓనరు, పట్టుబడేది డ్రైవరు. 2019 సెప్టెంబరు నుంచి జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ మరో 2,000. తోలినవాడే కాదు, తోలించినవాడు కూడా బాధ్యుడేనని చట్టంలోనే ఉంది. ఆ వాక్యాన్ని మామ చీటీ మీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. చివరికి ఆ చీటీ చొక్కాతోపాటు ఉతుకులో పోయింది. జరిమానా మాత్రం మామ ఖాతాలోనే పడింది.

లైసెన్సు సంగతి వేరే చెప్పాలి. ఒకప్పుడు ఒక ఓనరు, మామ పని మానేసి పోకుండా, లైసెన్సు తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. అప్పట్నుంచీ మామ దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. ట్రాఫిక్ పోలీసు అడిగినా ఒక అంచు తన వేళ్ళ మధ్యే బిగించి పట్టుకుని "చూడండి సార్, కనపడ్తుండాది కదా" అంటాడు. ఆ ఒక్క విషయంలో నేను మామను ఎగతాళి చెయ్యను.

అసలు గాయం 2011 నాటిది. ఆ ఏడాది జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపించింది. లారీలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. ఓనర్లకు కంతుల బెంగ, డ్రైవర్లకు పూట బెంగ. మామ ఆఫీసుకు పోయి జీతం అడగలేదు. "నన్ను తీసేసినట్టు ఒక కాగితం రాసివ్వండి" అన్నాడు. ఓనరు నిజంగానే ఆశ్చర్యపోయాడట. "నిన్ను ఎప్పుడు పెట్టుకున్నానని తీసెయ్యడానికి?"

ఓనరు బల్ల మీదే టైర్ల రిజిస్టరు ఉంది. ప్రతి టైరుకూ ఒక నంబరు. ఎప్పుడు కొన్నారు, ఏ బండికి ఎక్కించారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎప్పుడు రీట్రెడింగుకు పోయింది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఆ టైర్ల మీద కూర్చుని తిరిగిన మనిషి పేరు ఏ పేజీలోనూ లేదు. "అల్లుడా, నేను టైరుగా పుట్టి ఉంటే నాకు సర్వీసు రికార్డు ఉండేది" అని మామ నవ్వుతూ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ అత్త లేచి వంటింట్లోకి పోతుంది.

ఈ కథకు చట్టం లేకపోలేదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది, 2025 దాకా అమల్లో ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48. ఏడాదిలో 240 రోజులు పని చేస్తే ప్రతి 20 రోజులకూ ఒకరోజు జీతంతో సెలవు ఉండేది. కాకపోతే సంస్థలో కనీసం అయిదుగురు కార్మికులు ఉంటేనే అది వర్తించేది. మామ ఓనర్లు నాలుగు బండ్లు తమ పేరున, నాలుగు భార్య పేరున, మిగిలినవి బావమరిది పేరున పెట్టేవారు. అందరూ ఒకే ఇంట్లో అన్నం తినేవారు కానీ కాగితాల్లో ఎవరి సంస్థ వారిదే. మామ మాత్రం తనకు రావాల్సిన సెలవులన్నీ కూడబెట్టుకున్నాడు. గ్యాస్ సిలిండరు తెమ్మంటే "నేను ఖాళీగా లేను, లీవులో ఉండా" అంటాడు.

నా బాధ కూడా రాసుకోవాలి కదా. లేబరాఫీసుకు అర్జీలన్నీ రాసింది నేను. మామ తెలుగులో తిడతాడు, నేను కన్నడంలో మర్యాదగా రాస్తాను. "'దయచేసి' ఎందుకు, అడుక్కుంటుండామా? తీసెయ్" అంటాడు. కొట్టేస్తాను. కాసేపయ్యాక "అది లేకుంటే చదవరేమో, మళ్ళా పెట్టు" అంటాడు. మొత్తం చదివి వినిపిస్తే అనుమానంగా చూస్తాడు. "నేను చెప్పినంత లేదే. దారిలో నువ్వు కూడా షార్టేజి చేసినావు." ఇంత చాకిరీకి నాకు దక్కింది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అదీ ఆయన పుస్తకంలో నా పేరు కింద ఖర్చుగా ఎక్కిందని అత్త చెప్పింది.

మొన్న టెక్సాస్ నుంచి మా పిన్నికొడుకు వచ్చాడు. అక్కడి డ్రైవర్ల గొడవలు చెబుతుంటే మామ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. అక్కడ డ్రైవర్ని పెట్టుకునే కంపెనీ, గత 3 ఏళ్ళలో అతను ఎక్కడ బండి తోలాడో ఆ కంపెనీలను విచారించాలి. పాత కంపెనీలు రాసేదాన్ని డ్యాక్ రిపోర్టు అంటారట. మధ్యలో బండి వదిలేసి పోయాడని కోపంతో రాసేస్తారని డ్రైవర్ల ఏడుపు. 1970 నాటి చట్టం ప్రకారం ఆ రిపోర్టు తెప్పించుకుని అభ్యంతరం చెప్పవచ్చు, మామూలుగా 30 రోజుల్లో సరిచూడాలి.

మామ అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "తప్పో ఒప్పో, రాస్తారా?"

"రాస్తారు మామా. అందుకే కదా గొడవ."

"రాసినాక ఇంక గొడవేముండాది!" అని మామ అసూయతో చాలాసేపు మాట్లాడలేదు.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఇకపై పనిలో పెట్టుకునేవాళ్ళు నియామక పత్రం ఇవ్వాలి అని పేపర్లో చదివినరోజు మామ కొత్త చొక్కా వేసుకున్నాడు. కత్తిరించిన పేపరు ముక్క ట్రంకులోకి పోయింది. నన్ను పిలిచి తన పేరున, వెనకటి తేదీతో, ఒక నియామక పత్రం రాయమన్నాడు. సంతకం ఎవరిదని అడిగాను. "అది తర్వాత చూద్దాం, ముందు రాయి."

ఈ వ్యాసం అచ్చుకిస్తున్నానని చెబితే ప్రతి పేజీ కింద తన సంతకం ఉండాలన్నాడు. ఒప్పుకున్నాను. తర్వాత కళ్ళజోడు సర్దుకుని విచారణ మొదలుపెట్టాడు.

"నీకు పత్రికవాళ్ళు లెటరిచ్చినారా?"

"లేదు మామా."

"పీఎఫ్?"

"వ్యాసాలకు పీఎఫ్ ఉండదు."

"రాసినట్టు రశీదైనా?"

నా దగ్గర అదీ లేదు. ఇప్పటిదాకా ఎవర్నీ అడగలేదు కూడా. మామ నావైపు జాలిగా చూసి, ట్రంకు బయటికి లాగమని అత్తను కేకేశాడు. ఆ పత్రిక మీద నా తరఫున అర్జీ ఆయనే చెబుతాడట. రాయాల్సింది మాత్రం నేనే.