ఎర్ర గుర్తులే చూశాను

భిలాయిలోని హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక కార్ఖానా లారీ కాటాకు ప్రోగ్రాం రాసిచ్చాను. అక్కడ జరిగిన ఆలస్యానికి కంప్యూటర్ పాతదని ఒకసారి, లైబ్రరీ మంచిది కాదని ఇంకోసారి చెప్పాను. రెండూ అబద్ధాలే.

లారీ కాటా ఎక్కితే ఇండికేటర్‌లో బరువు పడుతుంది. ఆ అంకెను కంప్యూటర్‌లోకి తెచ్చే లైబ్రరీ ఒక డీఎల్‌ఎల్ ఫైలు. దాన్ని ఇంట్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నది ఉన్నట్టే సీషార్ప్ ప్రాజెక్టుకు తగిలించాను. కార్ఖానావాళ్లు స్లిప్పులో చిన్న మార్పు అడిగితే, అక్కడే చేసిద్దామని ప్రాజెక్టు ఫోల్డర్ ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను.

బిల్డ్ నొక్కగానే తెర నిండా ఎర్ర గుర్తులు. అన్నీ సీఎస్0246. ఈ టైపు దొరకలేదు, యూజింగ్ లైను గానీ అసెంబ్లీ రిఫరెన్సు గానీ మరిచిపోయావా అని కంపైలర్ అడుగుతోంది. నేను మొదటి సగం దగ్గరే ఆగిపోయాను. యూజింగ్ లైన్లు చెరిపి రాశాను, రాసి చెరిపాను.

అసలు కారణం ఆ ఎర్ర జాబితాలో లేదు. ఫైలే దొరకలేదన్న సంగతిని బిల్డ్ ఎంఎస్‌బీ3245 అనే హెచ్చరికగా మాత్రమే చెబుతుంది. ఆ లోటు వల్ల పుట్టిన తప్పులు ఎర్రగా పైకి తేలతాయి. హెచ్చరికలతో బిల్డ్ ఆగదు కదా అని వాటి ట్యాబు ఎప్పుడూ మూసే ఉంచేవాణ్ని. పక్కన రిఫరెన్సుల్లో అదే డీఎల్‌ఎల్ పేరు మీద పసుపు త్రికోణం ఉంది. అటు చూడనే లేదు.

చివరికి ఎర్రబడిన లైన్లన్నిటినీ కామెంటు చేసేశాను. బిల్డ్ అయింది. పని పూర్తయిందని చెప్పి వచ్చేశాను. అంతకు మించిన తెలివితక్కువ పని నేను చేయలేదు. కంపైల్ కావడం వేరు, ప్రోగ్రాం బరువు చదవడం వేరు అని తెలిసీ చేశాను.

కాటా దగ్గర పనిచేసే పెద్దాయన మన తెలుగువారే. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబం. మర్నాడు ఫోన్ చేశారు: “బాబూ, ఇండికేటర్‌లో బరువు కనిపిస్తంది, నీ తెర మీద సున్నా వస్తంది.” కేబుల్ వదులైందేమో చూడమన్నాను. ఆయన ఎండలోకి వెళ్లి కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించారు. వెనక లారీలు బారులు తీరాయి. ట్రిప్పు పోతే డ్రైవర్‌కు ఆ రోజు రాబడి పోయినట్టే. ఆ కేబుల్ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

సాయంత్రం ప్రాజెక్టు ఫైలు తెరిస్తే, డీఎల్‌ఎల్ ఎక్కడుందో చెప్పే హింట్‌పాత్‌లో మా ఇంటి కంప్యూటర్ డౌన్‌లోడ్స్ దారి కనిపించింది. ఆ దారి కాటా గదిలో ఎక్కడుంటుంది? ప్రాజెక్టులోనే లిబ్ అని ఫోల్డర్ పెట్టి, డీఎల్‌ఎల్‌ను అందులోకి మార్చి, రిఫరెన్సు అక్కడినుంచే ఇచ్చాను. కామెంట్లు తీసేసి, పెన్‌డ్రైవ్‌తో మళ్లీ హథ్‌ఖోజ్ వెళ్లి, హెచ్చరికల ట్యాబు తెరిచి పెట్టుకుని, పెద్దాయన పక్కన కూర్చుని బిల్డ్ నొక్కాను.