సరస్సును చేరిన త్రోవ

కాఠ్‌గోదామ్ రైలు స్టేషనులో దిగిన యాత్రికునకు నైనీతాల్ సరస్సు సుమారు 34 కిలోమీటర్ల దూరమున నున్నదని మైలురాయి చెప్పును. రాయి గనుక అబద్ధమాడదు, ఎంతసేపటికి చేరుదువో చెప్పదు, అదియు రాయి గనుకనే. దాదాపు 1,400 మీటర్లు పైకి మెలికలు తిరుగుచు పోవు ఈ చిన్న త్రోవలో, వేసవి సెలవుల నాడు, ముందు కారు వెనుక అద్దము తప్ప వేరొక ప్రకృతిసౌందర్యము గోచరింపదు; పైన్ చెట్ల పరిమళమును ఆఘ్రాణింపగోరి కిటికీ దించినవానికి డీజిలు ధూపము సమర్పింపబడును.

1841లో బారన్ అను చక్కెర వర్తకుడు ఈ సరస్సును "కనుగొనెను". కొండప్రజలు అంతకు మున్నే ఆ నీటిని దేవతగా కొలుచుచుండిరి గాని, తాము కనుగొంటిమని ఎవరికిని అర్జీ పెట్టుకొనలేదు, తప్పు వారిదే. పిమ్మట ఆ లోయపై హక్కు గల నరసింగు అను పెద్దను దొర పడవనెక్కించి, నడిసరస్సున నిలిపి, సంతకమో జలప్రవేశమో తేల్చుకొమ్మనెనని ఒక గాథ కలదు. నోటీసులతోను, విచారణలతోను ఏండ్లు గడపు నేటి భూసేకరణాధికారులు ఈ ఏకవాక్య విచారణపద్ధతిని అసూయతో చదువుకొందురు గాక!

దొరలు సరస్సు గట్టున మాల్ రోడ్డును రెండంతస్తులుగా వేసి, పైదానిని తమకును, క్రిందిదానిని మనకును కేటాయించిరి. స్వాతంత్ర్యానంతరము ఆ భేదము నశించి, రెండింటను కారులే సమానముగ ఏలుచున్నవి. రద్దీ కాలమున మాత్రము సాయంత్రము కొన్ని గడియలు పాదచారులకు దయాభిక్షగా విడుతురు. ఊరికి త్రాగునీరును ఆ సరస్సే యగుటచే, చూడవచ్చినవారందరును చూచుటతో నాగక దానిని త్రాగియు పోవుదురు. 2017 వేసవిలో నీరు తరిగి అడుగు బయటపడగా, యాత్రికులకు అదనపు రుసుము లేకయే బురద కూడ చూపబడెను.

ఇంతలో 2018 ఆగస్టులో క్రింది మాల్ రోడ్డు సుమారు 25 మీటర్ల మేర తెగి సరస్సులోనికి జారెను. లోకము దానిని ప్రమాదమనెను; నేను కర్తవ్యనిర్వహణమందును. కారు నిలుపు తావు లేదని వేలాదిమందిని ఊరి వెలుపలనే ఆపివేయు ఈ కాలమున, బయలుదేరిన పనిని మరువక సరస్సును నిజముగ చేరినది ఆ త్రోవ యొక్కటియే. అధికారులు దానినైనను చేరనిచ్చిరా? ఇసుకబస్తాలు వేసి, మట్టి నింపి, మరల గట్టుమీద వరుసలో నిలిపిరి.