వీలులేదు: సటీక తాత్పర్యం

మూలం: ఒకసారి వేసిన పాటను వెనక్కి తీసుకొనుటకు వీలులేదు.

అవతారిక. అప్పు తీరని ఇళ్లను, స్థలాలను బ్యాంకులు ఆన్‌లైన్‌లో వేలం వేసేటప్పుడు ఈ అర్థం వచ్చే వాక్యం నోటీసు అడుగున, ఫోనులో కంటికి ఆనని సన్న అక్షరాల్లో వెలసి ఉంటుంది. కర్త ఎవరో ఎవరూ చెప్పరు. అపౌరుషేయమనడానికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. ఇక ప్రతిపదార్థం. ఒకసారి = వేలు తగిలిన క్షణాన; వేసిన = తెలిసిగానీ తెలియకగానీ వేసిన (సూత్రకారుడు భేదం పాటించలేదు); పాటను = రాగతాళాలు లేక రొక్కం మాత్రమే గల పాటను; వెనక్కి తీసుకొనుటకు = ధరావత్తుతో సహా బయటపడుటకు; వీలులేదు = మీకు వీలులేదు. ఈ ‘మీకు’ అధ్యాహారం. ఏ కారణమూ చెప్పకుండా, ఏ దశలోనైనా వేలం ఆపేసే హక్కు బ్యాంకుకు ఉందని సాధారణంగా ఆ పక్క సూత్రమే చెబుతుంది గనుక, నిషేధం పాటదారుకే అన్వయిస్తుంది.

ఈ మూలానికి ప్రమాణాలతో పొంతన కుదరదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, సుత్తి పడేదాకా, లేదా వాడుకలో ఉన్న మరో తీరున పాట ముగిసిందని ప్రకటించేదాకా, ఎవరైనా తన పాట ఉపసంహరించుకోవచ్చు. స్థలం వస్తువు కాదంటారా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 5వ సెక్షన్ కూడా అంగీకారం తెలియజేయకముందు ప్రతిపాదన వెనక్కి తీసుకోనిస్తుంది. ఈ న్యాయానికి తాతలాంటిది 1789 నాటి ఇంగ్లండు తీర్పు, పేన్ వర్సెస్ కేవ్. సారా కాచే లోహపు గొట్టానికి 40 పౌన్లు పాడినవాడు, దాని బరువుకు పూచీ పడతావా అని వేలందారును అడిగాడు. పడనన్నాడు. అయితే నాకొద్దన్నాడు. సుత్తి ఇంకా పడలేదు గనుక పాటదారే నెగ్గాడు. అంతకన్నా వెనక్కి పోతే, కొని పశ్చాత్తాపపడ్డవాడికి మనువు పది రోజుల గడువిచ్చాడు. నారదుడు కొంచెం గట్టి మనిషి: అదే రోజు తిరిగిస్తే నష్టం లేదు, రెండో రోజైతే ముప్పయ్యో వంతు కోత. బేరం ముగిశాకే ఇంత దయ ఉంటే, ముగియకముందు సంగతి వేరే చెప్పాలా? ఇది కైముతిక న్యాయం.

పూర్వపక్షం: అలా వదిలేస్తే ఆకతాయిలు ధర పెంచి, పోటీదారులను బెదరగొట్టి, చివర్లో జారుకుంటారు గదా! నిజమే. అందుకే ధరావత్తు ఉంది. పాట చెల్లుబాటు గడువులో వెనక్కి తగ్గినవాడి ధరావత్తు జప్తు చేసుకోవచ్చని 2003లో జాతీయ రహదారుల సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆకతాయికి ఆ మందు సరే. కానీ ఒక ఉదాహరణ ఊహించండి: నందికొట్కూరు పటేల్ సెంటర్ దగ్గరి స్థలానికి 18,50,000 పాడబోయి, ఒక సున్నా ఎక్కువై, 1,85,00,000 పడింది. అదే చావడి ముందు పాటైతే జనం గొల్లుమనేవారు, పాట పాడించే ఆఫీసరు కళ్లజోడు పైకి తోసి “ఏమన్నావప్పా, మళ్లీ చెప్పు” అనేవాడు. ఒకటోసారి, రెండోసారి అంటూ సాగదీయడంలోనూ తప్పు దిద్దుకునే ఆ సందే ఉంది. ఫోను తెరకు నవ్వు రాదు, మళ్లీ చెప్పమనదు.

మరో పూర్వపక్షం: పై పాట పడగానే కింది పాట రద్దవుతుంది, పై పాట కూడా పోతే బ్యాంకు చేతిలో ఏం మిగులుతుంది? చావడి ముందు ఇది బలమైన వాదమే, రెండోవాడు అప్పటికి బస్సెక్కి ఆత్మకూరు దాటి ఉండవచ్చు. ఆన్‌లైన్‌లో మాత్రం ప్రతి పాటా, వేళతో సహా, యంత్రం దగ్గర ఉంటుంది. పాటదారులంతా ఒక్క మెసేజి దూరంలో ఉంటారు. అంటే ఉపసంహరణ వల్ల నష్టం తక్కువైన చోటే నిషేధం ఎక్కువైంది. పైగా చివరి నిమిషంలో ఎవరైనా పాట పెంచితే ఈ వేలాల్లో గడియారం చాలాసార్లు మరో ఐదు నిమిషాలు తనంతట తానే సాగుతుంది. ధర పెరగడానికి సాగే కాలం, సున్నా దిద్దుకోవడానికి సాగదెందుకు? ఈ చిక్కు తెలిసిన ఈబే, అంకె తప్పు పడితే పాట వెనక్కి తీసుకోనిస్తుంది. ముగింపుకు 12 గంటలలోపు వేసిన పాటైతే గంటలోగా తీసుకోవాలి. అందువల్ల ఈబే దుకాణం మూతపడలేదు.

సుత్తి పడ్డాక సంగతి వేరు, అక్కడ టీకాకారుడు బ్యాంకు పక్షమే. ఈ బ్యాంకు వేలాలకు వర్తించే 2002 నాటి నిబంధనల్లో 9వది ప్రకారం నెగ్గినవాడు ఆ రోజో మరుసటి పనిదినమో 25 శాతం కట్టాలి, మిగతాది సాధారణంగా 15 రోజుల్లో. తప్పితే కట్టింది పోతుంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీన్నే సమర్థించింది. 2023 డిసెంబరులో దుబాయి ఐపీఎల్ వేలంలో పంజాబ్ జట్టు శశాంక్ సింగ్ విషయంలో తటపటాయించినా, సుత్తి పడిందని వేలందారు వెనక్కి పోనివ్వలేదు. మరుసటి సీజన్‌లో అతను ఆ జట్టునే ఆదుకున్నాడనుకోండి, అది క్రికెట్ భాగ్యం, న్యాయశాస్త్రం కాదు.

పాఠాంతరం: ‘ఒకసారి వేసిన పాటను ఐదు నిమిషాల తర్వాత వెనక్కి తీసుకొనుటకు వీలులేదు.’ ఏ ప్రతిలోనూ కనబడదు, టీకాకారుడి ప్రక్షిప్తమే.